ఎరవికులం, పూల లోయ, గ్రేట్ హిమాలయన్, హెమిస్: ఏ నెలలో ఏ కొండ పార్కు, ఎవరికి ఏది?

జాతీయ పార్కు అనగానే మనకు తెల్లవారుజామున జీపెక్కి పులి కోసం తిరగడమే గుర్తొస్తుంది. కొండల్లోని పార్కుల్లో ఆ పద్ధతి నడవదు. జీపు వెళ్ళే దారులు తక్కువ, నడక ఎక్కువ. పొద్దున తేటగా ఉన్న కొండ పదకొండు గంటలకల్లా మబ్బులో మునిగిపోవచ్చు. ఇంకా పెద్ద చిక్కేమిటంటే, ప్రతి పార్కుకూ ఏడాదిలో కొన్నాళ్ళే అసలైన కాలం. మిగతా రోజుల్లో గేటు మూసి ఉంటుంది, లేదా గేటు తెరిచే ఉన్నా లోపల చూడాల్సింది కనపడదు. పార్కు పేరు ముందు ఖాయం చేసుకుని ఆనక సెలవు పెట్టుకునేవాళ్ళు అందుకే నిరాశపడతారు. సెలవు ఏ నెలలో దొరుకుతుందో తేల్చుకోండి, పార్కు సంగతి ఆ తర్వాత.

ఇక్కడ పోల్చేది నాలుగింటిని: కేరళలో మున్నార్ పక్కనున్న ఎరవికులం, ఉత్తరాఖండ్‌లోని పూల లోయ (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్), హిమాచల్‌లోని గ్రేట్ హిమాలయన్ పార్కు, లద్దాఖ్‌లోని హెమిస్. మన పాపికొండలు లేవా అంటే ఉన్నాయి, 2008లో జాతీయ పార్కు హోదా కూడా వచ్చింది. కానీ అక్కడ ప్రధానంగా చూసేది గోదావరిని, అదీ లాంచీ మీంచి. శేషాచలం కొండల్లోని శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కును మనలో చాలామంది తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సు కిటికీలోంచే చూసి ఉంటారు. రెండు వేల మీటర్లు దాటిన గడ్డికొండలు, మంచు, ఆ ఎత్తులోనే బతికే జంతువులు కావాలంటే రాష్ట్రం దాటాల్సిందే.

ముందు క్యాలెండర్ చూడండి

మన బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా. ఈ సెలవుల్లో పిల్లలతో చార్‌ధామ్ యాత్ర పెట్టుకుని, బదరీనాథ్ దాకా వెళ్ళాం కదా, పక్కనే ఉన్న పూల లోయ కూడా చూసొద్దాం అనుకునే కుటుంబాలు ఎన్నో. అది కుదరదు. పూల లోయ గేటు తెరిచేదే జూన్ 1న. తెరిచిన కొత్తలో వాగుల మీద ఇంకా మంచు గడ్డకట్టే ఉంటుంది, పూలు అక్కడక్కడా తప్ప ఉండవు. ఫొటోల్లో చూసే రంగులన్నీ జులై రెండో సగం నుంచి ఆగస్టు మూడో వారం దాకానే. అప్పటికి బడులు తెరిచేసి ఉంటాయి. కాబట్టి బడికెళ్ళే పిల్లలున్నవాళ్ళకు పూల లోయ కష్టమైన ఎంపిక. వేసవి సెలవులకు సరిపోయేవి ఎరవికులం, గ్రేట్ హిమాలయన్.

దసరా సెలవులకు కూడా ఆ రెండే బాగుంటాయి. వానలు వెనకబట్టి హిమాచల్‌లో ఆకాశం తేటపడుతుంది, మున్నార్ కొండలు పచ్చగా ఉంటాయి. సంక్రాంతికి ఎరవికులం ఒక్కటే సులువు. అయితే సంక్రాంతి కాదని ఫిబ్రవరికి వాయిదా వేస్తే మాత్రం దెబ్బతింటారు: అక్కడి కొండమేకల్లాంటి జంతువులు, నీలగిరి తార్‌లు, ఈనే కాలం కాబట్టి మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో పార్కు మూసేస్తారు. మున్నార్‌లో హోటలు, కారు అన్నీ బుక్ చేసుకుని చెక్‌పోస్టు దగ్గర బోర్డు చూసి వెనక్కి తిరిగేవాళ్ళు ఏటా ఉంటారు. మూసే తేదీ ఏడాదిని బట్టి కొద్దిగా ముందువెనకలవుతుంది కాబట్టి జనవరి చివరి వారమైతే అటవీ శాఖ సైట్‌లో చూసుకునే బయల్దేరండి.

ఎరవికులం మూతపడే ఆ రెండు నెలలే హెమిస్‌కు అసలు సీజను. మంచు చిరుత కనపడే కాలం జనవరి చివర నుంచి మార్చి దాకా. జులై, ఆగస్టుల్లో పూల లోయ తప్ప మిగతావి పక్కన పెట్టడం మేలు. హెమిస్‌లో అప్పుడు మార్ఖా లోయ ట్రెక్ చేయొచ్చు గానీ, మంచు చిరుత మాత్రం అప్పటికి పై కొండలకు ఎక్కేసి ఉంటుంది.

ఎరవికులం: తక్కువ శ్రమ, దాదాపు ఖాయంగా జంతువు

విస్తీర్ణం 97 చదరపు కిలోమీటర్లే. 1975లో అభయారణ్యంగా, 1978లో జాతీయ పార్కుగా ప్రకటించారు. యాత్రికులకు తెరిచేది రాజమల అనే చిన్న భాగం మాత్రమే. మున్నార్ నుంచి మరయూర్ వెళ్ళే రోడ్డులో చెక్‌పోస్టు దగ్గర సొంత బండి ఆపేయాలి. అక్కణ్ణించి తేయాకు తోటల మధ్యగా అటవీ శాఖ బస్సు పైకి తీసుకెళ్తుంది. బస్సు దిగాక ఒకటిన్నర కిలోమీటరు లోపు పక్కా దారిలో ఎక్కుడు నడక. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కూడా ఆగి ఆగి నడవగలరు, పైదాకా వెళ్ళకపోయినా నష్టం లేదు. ఎందుకంటే తార్‌లు చాలాసార్లు దారి పక్కనే మేస్తూ కనిపిస్తాయి.

నీలగిరి తార్‌ను అక్కడివాళ్ళు వరయాడు అంటారు. చూడ్డానికి కొండమేక, జన్యువుల లెక్కన గొర్రెకు దగ్గర చుట్టం. మందలో ఆడవి, పిల్లలు బూడిదరంగులో ఉంటాయి. ముదురు గోధుమ రంగులో బలిష్ఠంగా ఉండి, నడుం మీద జీను వేసినట్టు తెల్లటి మచ్చ కనిపిస్తే అది ముదిరిన పోతు. కొమ్ములు ఆడ, మగ రెంటికీ ఉంటాయి కాబట్టి కొమ్ములు చూసి పోల్చుకోలేం, ఆ మచ్చే గుర్తు. 2025లో కేరళ, తమిళనాడు కలిసి లెక్కపెట్టినప్పుడు ప్రపంచం మొత్తానికి 2,668 తేలాయి, వాటిలో అతిపెద్ద గుంపు ఎరవికులంలోనే ఉంది. ఇంత అరుదైన జంతువును ఫోన్ కెమెరాతో ఫొటో తీయగలిగేది ఇక్కడే. పెద్ద లెన్సు మోసుకెళ్ళాల్సిన పని లేదు.

మనుషులంటే బెదురు పోయింది కదా అని చేత్తో ముట్టుకోవడం, బిస్కెట్లు పెట్టడం చేస్తే జరిమానా పడుతుంది. ఏప్రిల్లో పార్కు తెరిచిన కొత్తలో తల్లుల వెంట పిల్లలుంటాయి, అప్పుడు మరీ జాగ్రత్త.

ఇక్కడ ఎదురయ్యే ఇబ్బందులు రెండు, మబ్బు, క్యూ. రెండింటికీ మందు ఒకటే, పొద్దున్నే వెళ్ళడం. ఉదయం 8 గంటల ప్రాంతంలో బయల్దేరే మొదటి బస్సులకు ఆన్‌లైన్లో టికెట్ తీసుకోండి. ఓనం, క్రిస్మస్ సెలవుల్లో, శని ఆదివారాల్లో పదింటికి వెళ్తే గంటల తరబడి నిలబడి, తీరా పైకెళ్ళాక తెల్లటి గోడలాంటి మబ్బు చూసి దిగొస్తారు. ఆనముడి (2,695 మీటర్లు, దక్షిణాదిలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం) ఈ పార్కులోనే ఉంది కానీ మామూలు యాత్రికులను ఎక్కనివ్వరు. కింద నుంచి చూడటమే.

నీలకురింజి పువ్వు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ కొండల్లో 12 ఏళ్ళకోసారి పూస్తుంది. 2006లో పూసింది, 2018లో పూసింది, ఇక 2030లోనే. ఏటా వాట్సాప్‌లో ‘మున్నార్‌లో కురింజి పూసింది’ అంటూ తిరిగే ఫొటోల్లో చాలావరకు పాతవో, కురింజి జాతిలోనే వేరే రకాలవో, ఇంకో కొండవో అయి ఉంటాయి. వాటిని నమ్మి టికెట్లు బుక్ చేయకండి.

దారి: కొచ్చి విమానాశ్రయం నుంచి మున్నార్ 110 కిలోమీటర్ల లోపే అయినా ఘాట్ రోడ్డు కాబట్టి నాలుగు గంటలు పడుతుంది. రైల్లో అయితే సికింద్రాబాద్, గుంటూరు, తిరుపతి వైపు వాళ్ళకు శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది, ఆలువాలో దిగాలి. కోయంబత్తూరు వైపు నుంచి వస్తే ఉడుమల్‌పేట, చిన్నార్, మరయూర్ మీదుగా దారి చాలా అందమైనది. చిన్నార్ వానలేని పక్కనున్న పొడి అడవి, ఎరవికులానికి పూర్తిగా విరుద్ధం. అక్కడి అభయారణ్యంలో గైడుతో ఒక పూట నడిస్తే బూడిదరంగు పెద్ద ఉడుత కనిపించే అవకాశం ఉంది. ఆ రోడ్డు మీదకు ఏనుగులు వస్తాయి, చీకటి పడకముందే దాటేయండి.

పూల లోయ: రంగుల కోసం నడవగలిగినవాళ్ళకు

చమోలీ జిల్లాలో 87.5 చదరపు కిలోమీటర్ల లోయ. 1931లో కామెట్ శిఖరం ఎక్కి దిగుతూ దారి తప్పిన బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ బృందం వల్ల బయటి ప్రపంచానికి తెలిసింది. 1982లో జాతీయ పార్కు అయింది, 2005లో నందాదేవితో కలిపి యునెస్కో జాబితాలోకి వచ్చింది. ఇక్కడ జంతువుల మీద ఆశ పెట్టుకోవద్దు. కస్తూరి మృగం, నల్ల ఎలుగు ఉన్నా పగటి పూట దారి పక్కకు రావు. వచ్చేది పూల కోసమే.

బదరీనాథ్ రోడ్డులో గోవింద్‌ఘాట్ దగ్గర దిగాలి. అక్కణ్ణించి పుల్నా దాకా నాలుగు కిలోమీటర్లు షేర్ జీపు. పుల్నా నుంచి, రాత్రి బస చేసే ఊరు ఘాంఘరియాకు పది కిలోమీటర్ల దాకా ఎక్కుడు. గట్టిగా నడిచేవాళ్ళకు ఐదు గంటలు, అలవాటు లేనివాళ్ళకు ఏడు. ఈ దారి మీద కంచరగాడిదలు వరసగా నడుస్తుంటాయి. అవి ఎదురైతే లోయ వైపు కాకుండా కొండ గోడ వైపే నిలబడండి, మూటలు తగిలి మనిషి దొర్లిపోయే ప్రమాదం ఉంది. వానకు పేడ, బురద కలిసి రాళ్ళు జారతాయి, అందుకని అరిగిన స్పోర్ట్స్ షూ పనికిరావు. నడవలేకపోతే కంచరగాడిద ఎక్కొచ్చు, వాతావరణం బాగుంటే హెలికాప్టర్ కూడా ఉంటుంది. కానీ ఆ సౌకర్యం ఘాంఘరియా వరకే. పార్కు లోపలికి గుర్రాలను, కంచరగాడిదలను రానివ్వరు. ‘గుర్రం మీద లోయంతా చూపిస్తాం’ అని ఎవరైనా అంటే వాళ్ళు చెప్పేది పైనున్న సిక్కుల గురుద్వారా హేమ్‌కుండ్ దారి గురించి, లోయ గురించి కాదు.

ఘాంఘరియా దాటగానే దారి చీలుతుంది. ఒకటి హేమ్‌కుండ్ సాహిబ్‌కు, ఎడమ వైపుది లోయకు. టికెట్ కౌంటర్ దాటాక దిగి పుష్పావతి నది మీద వంతెన దాటాలి, తర్వాత గంటకు పైగా నిటారుగా ఎక్కాలి. అసలు పచ్చిక మైదానం ఆ తర్వాతే మొదలవుతుంది. చాలామంది ఈ ఎక్కుడుకే అలసిపోయి, మొదటి పూల గుంపు దగ్గర ఫొటోలు దిగి వెనక్కి తిరుగుతారు. అది తొందరపాటు. అక్కణ్ణించి దారి దాదాపు సమతలం, ముందుకు వెళ్ళే కొద్దీ పూల రకాలు మారుతుంటాయి. పూల నమూనాలు సేకరించడానికి వచ్చి 1939లో బండ మీంచి జారి చనిపోయిన జోన్ మార్గరెట్ లెగ్ సమాధి కూడా లోపలే ఉంది. లోపల రాత్రి ఉండనివ్వరు, సాయంత్రానికి బయటికి రావాలి, మధ్యాహ్నం దాటాక కొత్తవాళ్ళను పంపరు. కాబట్టి గేటు తెరిచే సమయానికి, అంటే ఏడింటికల్లా అక్కడ ఉంటేనే పూర్తిగా చూడగలం. లోపల టీ కొట్టు కూడా ఉండదు. పరాఠాలు ఘాంఘరియాలోనే కట్టించుకోండి.

మనిషెత్తున పెరిగి తెల్లగా, గులాబీ రంగుగా విరబూసే పొదలు చాలాచోట్ల కనిపిస్తాయి. ఫొటోకు బాగుంటాయి గానీ వాటిలో పాలిగోనమ్ అనేది లోయకు పెద్ద బెడద. పార్కు అయ్యాక పశువుల మేత ఆపేశారు, దాంతో అది విచ్చలవిడిగా పెరిగి చిన్న పూల మొక్కలకు వెలుగు అందకుండా చేసింది. అటవీ శాఖ ఏటా కూలీలతో పీకిస్తోంది. ఇక బ్రహ్మకమలం కోసం వచ్చేవాళ్ళు తెలుసుకోవాల్సింది: మన ఇళ్ళలో కుండీలో పెంచి, రాత్రి పూస్తే ఇరుగుపొరుగును పిలిచి చూపించేది మధ్య అమెరికా నుంచి వచ్చిన ఒక కాక్టస్. హిమాలయాల బ్రహ్మకమలం పూర్తిగా వేరు. లేత ఆకుపచ్చ కాగితంలాంటి రేకులు మధ్యలోని ఊదా పూల గుత్తిని కప్పి ఉంచుతాయి. అది కింద లోయలో కన్నా ఆగస్టు, సెప్టెంబర్లలో హేమ్‌కుండ్ ఎక్కే దారి పై భాగంలో బాగా కనిపిస్తుంది. అయితే ఆరు కిలోమీటర్లలో వెయ్యి మీటర్ల పైన ఎక్కాలి, 4,000 మీటర్లు దాటాక తలనొప్పి, వాంతి రావొచ్చు. ముందు రోజు లోయ, మరుసటి రోజు హేమ్‌కుండ్ పెట్టుకుంటే శరీరం ఎత్తుకు కొంత అలవాటు పడుతుంది. తిరగేసి పెట్టుకోవద్దు.

ఈ యాత్రలో అసలు గండం లోపల కాదు, రోడ్డు మీద. పూలు పూసేదీ కొండచరియలు విరిగిపడేదీ ఒకే కాలంలో. జోషీమఠ్‌కు ముందు పాగల్ నాలా దగ్గర, గోవింద్‌ఘాట్ దాటాక లాంబగడ్ దగ్గర రోడ్డు గంటల పాటు, ఒక్కోసారి రోజుల పాటు మూతపడుతుంది. రాత్రిళ్ళు ఆ ఘాట్ రోడ్ల మీద వాహనాలను ఆపేస్తారు. తిరుగు విమానానికి ముందు కనీసం రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి. హైదరాబాద్ నుంచి మొత్తం ఎనిమిది రోజులు లేకపోతే దీని జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

గ్రేట్ హిమాలయన్: అడవి కోసం అడవికి

కుల్లూ జిల్లాలో పార్కు ఒక్కటే 754 చదరపు కిలోమీటర్లు, 2014లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇంత పెద్ద పార్కులో వాహనం వెళ్ళే రోడ్డు లేదు. ఇది అర్థం కాక తీర్థన్ లోయలో నది ఒడ్డున హోంస్టేలో రెండు రోజులుండి ‘పార్కు చూశాం’ అనుకునేవాళ్ళే ఎక్కువ. వాళ్ళున్నది పార్కు బయట, ఎకోజోన్‌లో. అసలు గేటు చేరాలంటే గుషైనీ నుంచి సగం రోజు నడవాలి. గేటు దాటగానే వచ్చే రోల్లా మకాం దాకా సుమారు పది కిలోమీటర్లు. నిటారు ఎక్కుడు కాదు, నది వెంబడి తేలిక నడకే.

పర్మిట్ సాయ్‌రోపా కార్యాలయంలో తీసుకోవచ్చు, ఆధార్ ఉండాలి. స్థానిక గైడును పెట్టుకోండి. దారులు చీలతాయి, వంతెనలు వరదలకు కొట్టుకుపోతుంటాయి, ఏది నిలిచి ఉందో అక్కడివాళ్ళకే తెలుస్తుంది.

జంతువుల విషయంలో నాలుగింటిలోకి నిజం చెప్పాల్సింది దీని గురించే. జాబితాలో మంచు చిరుత, గోధుమ ఎలుగు, కస్తూరి మృగం, హిమాలయన్ తార్ అన్నీ ఉన్నాయి. రెండు రోజుల నడకలో వాటిలో ఏదీ కనిపించకపోవడమే మామూలు. పక్షులు చూసేవాళ్ళకు మాత్రం ఇది బంగారు గని. జుజురానా అని పిలిచే అడవి కోడి జాతి పక్షి వెస్టర్న్ ట్రాగోపాన్ ఉండే కొద్ది చోట్లలో ఇదొకటి. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే పోతు పక్షి కూత వినిపిస్తుంది, కానీ దట్టమైన వెదురు పొదల్లోంచి బయటికి రావడం అరుదు. అదే జాతికి చెందిన మోనాల్ అంత సిగ్గరి కాదు. దాని కోసం రోల్లా నుంచి ఇంకో వెయ్యి మీటర్లు ఎక్కి షిల్ట్ దాకా వెళ్ళగలిగితే అవకాశాలు పెరుగుతాయి. ఇక్కడికి 8×42 బైనాక్యులర్ లేకుండా రావద్దు.

మనాలి వెళ్ళే రాత్రి బస్సులో వస్తే ఔట్ సొరంగానికి ముందే దిగాలని డ్రైవరుకు ఎక్కేటప్పుడే చెప్పండి. బంజార్ రోడ్డు అక్కడే చీలుతుంది. నిద్రలో సొరంగం దాటేస్తే కుల్లూ దాకా వెళ్ళి వెనక్కి రావాలి. జులై, ఆగస్టుల్లో తీర్థన్, సైంజ్ లోయల వరదలు మామూలువి కావు. 2023 జులైలో సైంజ్ బజారు సగం నదిలో కొట్టుకుపోయింది. ఆ నెలల్లో గది ఎంత చవకగా ఇచ్చినా వెళ్ళకండి.

హెమిస్: ఓపిక, డబ్బు, చలి

భారతదేశంలో మంచు చిరుతలు 718 ఉన్నాయని 2024లో కేంద్రం ప్రకటించింది, అందులో 477 లద్దాఖ్‌లోనే. హెమిస్‌లో, ముఖ్యంగా రుంబక్ లోయలో, చలికాలంలో భరల్ అనే నీలి గొర్రెలు కిందికి దిగుతాయి, వాటి వెనకే చిరుతలు. అదే జత కట్టే కాలం కావడంతో అవి ఎక్కువ తిరుగుతాయి.

కనిపించడం అంటే ఏమిటో ముందే తెలుసుకోవాలి. ఎదుటి కొండ మీద, అర కిలోమీటరుకు పైగా దూరంలో, బూడిదరంగు రాయి మీద బూడిదరంగు చుక్క. స్థానిక ట్రాకర్ స్పాటింగ్ స్కోప్‌లో పట్టి చూపిస్తే తప్ప మామూలు కంటికి అందదు, ఫోన్ ఫొటోకు అసలే రాదు. నాలుగైదు రోజులు ఆ చలిలో పొద్దంతా కొండల్ని గాలించినా కనపడకుండా తిరిగిరావచ్చు. ఇది కుటుంబంతో వెళ్ళే సరదా యాత్ర కాదు.

లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. విమానం దిగిన మొదటి రెండు రోజులు గదిలో పడుకోవడం తప్ప ఏమీ పెట్టుకోవద్దు. గుండె జబ్బు, ఆస్తమా, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగందే బయల్దేరకూడదు, ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు వాడే డయామాక్స్ మాత్ర కూడా డాక్టర్ చెప్పాకే. రాత్రి మైనస్ 20 డిగ్రీలకు దిగుతుంది. నీళ్ళ సీసా, కెమెరా బ్యాటరీలు స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకోకపోతే తెల్లారేసరికి సీసాలో మంచుగడ్డ, కెమెరాలో చచ్చిన బ్యాటరీ. బయటినుంచి బుఖారీ (గదిని వేడిచేసే పొయ్యి) ఉన్న వెచ్చటి గదిలోకి వచ్చేముందు కెమెరాను జిప్ కవర్లో మూసేయాలి, లేకపోతే లెన్సు లోపల చెమ్మ పడుతుంది. మంచు కురిస్తే లేహ్ విమానాలు రద్దవుతాయి కాబట్టి ఇక్కడా ఒకటి రెండు రోజులు అదనంగా చేర్చుకోవాలి. గైడు, ట్రాకరు, బస, వేడి బట్టలు అన్నీ కలిపితే నాలుగింటిలోకీ ఖర్చు దీనికే ఎక్కువ.

ఇంకా తేలకపోతే

నాలుగు రోజులే ఉండి, అమ్మానాన్నలో చిన్నపిల్లలో వెంట ఉంటే ఎరవికులం తప్ప ఇంకో మాట అక్కర్లేదు. ఫిబ్రవరి, మార్చి మాత్రం కాకూడదు. ఆగస్టులో వారానికి పైగా సెలవు దొరికి, రోజుకు పదిహేను కిలోమీటర్లు నడవగలిగితే పూల లోయ. చేయగలరో లేదో తెలియకపోతే బయల్దేరడానికి నెల ముందు నుంచి ఇంట్లో మెట్లు ఎక్కి దిగి చూడండి. పది అంతస్తులు ఆగకుండా ఎక్కలేకపోతే ఘాంఘరియాకు కంచరగాడిద డబ్బు లెక్కలో వేసుకోండి.

పూల లోయ, గ్రేట్ హిమాలయన్ రెండూ నచ్చి ఏదో తేల్చుకోలేకపోతున్నవాళ్ళకు మేమిచ్చే సలహా: వానలో తడవడం చిరాకైతే రెండోదే, అదీ అక్టోబర్లో. పక్షుల పిచ్చి ఉన్నవాళ్ళు మేలో వెళ్ళాలి. హెమిస్‌ను మొదటి కొండ పార్కుగా మాత్రం పెట్టుకోవద్దు. మూడు వేల మీటర్ల ఎత్తులో ఒకసారి రెండు రాత్రులు ఉండి, మీ ఒంటికి ఎత్తు పడుతుందో లేదో చూసుకున్నాకే ఆ ఖర్చు పెట్టండి.

పూల లోయకు వెళ్ళేవాళ్ళు ఉత్తరాఖండ్ యాత్ర రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్లో చేసుకుని ఆ కాగితం ప్రింట్ తీసి దగ్గరుంచుకోండి. బదరీనాథ్, హేమ్‌కుండ్ కూడా కలుపుకుంటే వాటి తేదీలు అందులో ఉండాలి. డబ్బు జోషీమఠ్‌లోనే ఏటీఎంలో తీసుకోండి, ఘాంఘరియాలో సిగ్నల్ పోతే ఫోన్‌పే మీద ఆధారపడలేం.